శిఖరం ఎందుకు పక్కకు జరిగింది? కణభౌతికశాస్త్రంలో నా అనుభవం

2015 మే నెలలో, అంతకు మూడేళ్ల కిందట దొరికిన హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద ఒక పరిశోధనా వ్యాసం వెలువడింది. మొత్తం 33 పేజీల ఆ వ్యాసంలో విషయం 9 పేజీలకు మించదు, మిగిలిన 24 పేజీలూ రచయితల పేర్లూ వారి సంస్థల పేర్లూ మాత్రమే. లెక్కపెడితే 5,154 మంది. సెలవుకు చిత్తూరు వచ్చినప్పుడు దాన్ని అచ్చు తీయించి ఇంటికి తెచ్చాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ, పేజీ తర్వాత పేజీ తిప్పి చివరికి నా పేరు పట్టుకుంది. దాని మీద వేలు పెట్టి, “ఇంతమంది ఉండారే, ఇందులో నువ్వు చేసిందేంది నాయనా?” అని అడిగింది. ఆమె ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను ఏదో నాలుగు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఎం.ఎస్సీ. నేను తిరుపతిలోనే చదివాను. న్యూక్లియర్ భౌతికశాస్త్రం ప్రాక్టికల్స్‌లో సోడియం అయోడైడ్ స్ఫటికంతో చేసే ప్రయోగం ఒకటి ఉంటుంది. సీజియం-137 నుంచి వెలువడే గామా కిరణం ఆ స్ఫటికంలో పడగానే సన్నని మెరుపు పుడుతుంది, ఆ మెరుపును ఫోటోమల్టిప్లయర్ విద్యుత్ స్పందనగా మారుస్తుంది, వేల స్పందనలను ఎత్తు ప్రకారం పేర్చుకుంటూ పోతే 662 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తికి కొలమానం) దగ్గర ఒక శిఖరం లేస్తుంది. అది మే నెల. ఉదయం తొమ్మిదికి ఒకచోట కనిపించిన శిఖరం మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎడమవైపుకు జరిగిపోయింది. ఏదో కనిపెట్టేశానన్నంత సంబరంతో సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా నోటుపుస్తకం చూసి, “శిఖరం జరిగింది, సరే. జరిగింది సీజియమా, మన పెట్టెనా?” అని మాత్రం అన్నారు. తర్వాత ఒక థర్మామీటరు చేతికిచ్చి, అరగంటకొకసారి గది వేడిమినీ శిఖరం స్థానాన్నీ పక్కపక్కన రాయమన్నారు. సాయంత్రానికి గీసిన గీతలో వేడి ఎక్కినకొద్దీ శిఖరం దిగిపోవడం స్పష్టంగా కనిపించింది. సీజియం పాపం ఎక్కడిదక్కడే ఉంది, మారింది తిరుపతి ఎండ. ఆ గ్రాఫు కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ తర్వాత పదిహేనేళ్లలో నేను చేసిన పరిశోధన అంతా ఆ ఒక్క ప్రశ్నను మళ్లీ మళ్లీ వేసుకోవడమే అంటే అతిశయోక్తి కాదు.

కణభౌతికశాస్త్రం వైపు వెళ్తానన్నప్పుడు ఇంట్లో అందరికన్నా తక్కువ ఆశ్చర్యపడినవాడు మా తాత, అంటే అమ్మకు నాన్న. ఆయనది కుప్పం వైపు ఊరు. కోలారు బంగారు గనుల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. బొంబాయి నుంచి చదువుకున్నవాళ్లు కొందరు వచ్చి గనిలో అడుగున పెద్ద పెద్ద పెట్టెలూ గాజు గొట్టాలూ పేర్చి నెలల తరబడి కూర్చునేవారనీ, ఏమి దొరుకుతుందని అడిగితే పైనుంచి వచ్చేదాన్ని పడుతున్నామని చెప్పేవారనీ తాత నవ్వుతూ చెప్పేవాడు. నేల కింద రెండు కిలోమీటర్ల లోతున కూర్చుని పైనుంచి వచ్చేదాన్ని పట్టడమేమిటని గనిలో వాళ్లకు అదొక వేడుక. ఆ కథ ఎంత నిజమో నాకు ఎం.ఎస్సీ. తర్వాతగాని తెలియలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం కలిసి అక్కడ ప్రయోగం చేశాయి. వాతావరణంలో పుట్టి నేలనూ రాతినీ దాటిపోగల న్యూట్రినోలనే కణాల జాడను 1965లో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పట్టుకున్నాయి. ప్రపంచంలో మొట్టమొదటిసారి అది కనిపించిన చోట్లలో మా జిల్లా సరిహద్దుకు అవతల ఉన్న ఆ గని ఒకటి. తాత చూసిన గాజు గొట్టాలు, కణం దాటిపోతే మెరిసే నియాన్ ఫ్లాష్ ట్యూబులు.

2009లో ముంబైలోని ఒక పరిశోధనా సంస్థ ప్రవేశ పరీక్ష రాశాను. ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. మొదటి ప్రశ్నే, “నీ అరచేతిలోంచి నిమిషానికి ఎన్ని మ్యూయాన్లు పోతున్నాయి?” అని. మ్యూయాన్లంటే ఆకాశం నుంచి ఎప్పుడూ కురుస్తుండే కణాలు, సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒకటి అన్న సంఖ్య అదృష్టం కొద్దీ గుర్తుంది కాబట్టి, అరచేతిని చూసుకుని, నూరు అన్నాను. అంతటితో వదల్లేదు. మ్యూయాన్ ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే కదా, కాంతివేగంతో పోయినా 660 మీటర్లు దాటకూడదు కదా, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున పుట్టింది నీ చేతిదాకా ఎలా వచ్చిందని అడిగారు. సాపేక్షత సిద్ధాంతం ప్రకారం వేగంగా పోయే కణానికి కాలం నెమ్మదిస్తుందని సూత్రం రాసి చూపించాను. సూత్రంలో ఒకచోట వర్గమూలం మరిచిపోయి, వచ్చిన సంఖ్య అసాధ్యంగా ఉందని నాకు నేనే గమనించి దిద్దుకున్నాను. సీటు వచ్చింది ఆ దిద్దుకోవడం వల్లనే అని తర్వాత మా గైడు చెప్పారు.

మొదటి ఏడాది కోర్సులతో గడిచింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఆ తర్వాత నన్ను జెనీవా దగ్గరున్న యూరప్ కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో చేర్చారు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో ప్రోటాన్ల గుంపులను ఎదురెదురుగా తిప్పి నాలుగు చోట్ల ఢీకొట్టిస్తారు. అందులో ఒక చోట ఉన్న 14,000 టన్నుల పరికరం సీఎంఎస్. హిగ్స్ కోసం వేట అప్పుడే వేడెక్కుతోంది కాబట్టి నాకూ అందులో ఏదైనా పెద్ద పని ఇస్తారని ఆశపడ్డాను. ఇచ్చింది స్ఫటికాల పని.

ఎలక్ట్రాన్ల, వెలుగు కణాలైన ఫోటాన్ల శక్తిని కొలవడానికి సీఎంఎస్‌లో 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలున్నాయి. చూడ్డానికి గాజులా స్వచ్ఛంగా ఉంటాయిగానీ, చేతిలోకి తీసుకుంటే ఇనుము కంటే బరువు. మధ్యభాగంలో ఉండే ఒక్కొక్కటి 23 సెంటీమీటర్ల పొడవు, కిలోన్నర వరకు తూకం. ఫోటాన్ వచ్చి తగిలితే వెలుగు పుడుతుంది, ఆ వెలుగును బట్టి శక్తిని లెక్కగడతారు. అంటే తిరుపతిలో నేను వాడిన స్ఫటికానికి ఇవి దూరపు చుట్టాలే. చుట్టరికం ఎంతవరకంటే, వీటికీ ఎండ పడదు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే స్ఫటికం ఇచ్చే వెలుగు సుమారు 2 శాతం తగ్గిపోతుంది. అందుకని వాటి చుట్టూ నీళ్లు తిప్పి 18 డిగ్రీల దగ్గర, డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా తేడా రాకుండా ఉంచుతారు. ఈ సంగతి చదివిన రోజు మా సారుకు ఉత్తరం రాశాను.

వేడిని అదుపు చేశారు సరే, రేడియేషన్‌ను చేయలేరు. ప్రోటాన్లు ఢీకొంటున్నంతసేపూ స్ఫటికాల్లో సూక్ష్మమైన లోపాలు ఏర్పడి అవి కొద్దికొద్దిగా మసకబారతాయి. తాకిడులు ఆగితే మళ్లీ కొంత తేరుకుంటాయి. ఆ మసకను కొలవడానికి ప్రతి స్ఫటికంలోకీ నీలి లేజరు కాంతిని పంపి ఎంత బయటికి వచ్చిందో చూస్తారు. ఇది ఎప్పుడు చేస్తారన్నది నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ప్రోటాన్ల గుంపు సొరంగాన్ని ఒక చుట్టు చుట్టడానికి 89 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రమాదం వస్తే కిరణాన్ని బయటికి మళ్లించడానికి వీలుగా అందులో 3 మైక్రోసెకన్ల మేర గుంపులు లేకుండా ఖాళీ వదులుతారు. లేజరు వెలిగేది ఆ సందులోనే. స్ఫటికాలన్నీ ఒక వరుస పూర్తయ్యేసరికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. అలా వచ్చిన సంఖ్యలతో ప్రతి ఫోటాన్ శక్తినీ సరిచేయాలి. ఆ సరిచేత సరిగ్గా ఉందో లేదో, ద్రవ్యరాశి ముందే కచ్చితంగా తెలిసిన జెడ్ అనే కణంతో పరీక్షించడం నా పని. జెడ్ కణం రెండు ఎలక్ట్రాన్లుగా విడిపోయినప్పుడు వాటిని తిరిగి కలిపి లెక్కిస్తే 91.2 జీఈవీ (ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల ద్రవ్యరాశినీ ఇందులోనే చెబుతారు) దగ్గర శిఖరం రావాలి. రాకపోతే తప్పు మనది.

2011లో మొదటిసారి సెర్న్ వెళ్లాను. 2004లో భారత ప్రభుత్వం బహూకరించిన నటరాజ విగ్రహం ముందు అందరూ ఫోటో తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. కంట్రోల్ రూము ఉన్నది సెస్సీ అనే ఫ్రెంచి ఊళ్లో, చుట్టూ పొలాలు. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడు దాకా షిఫ్టు. పెద్దగా ఏదో జరుగుతుందనుకుని వెళ్లినవాడికి అక్కడి మౌనం ఆశ్చర్యం కలిగిస్తుంది. నూరు మీటర్ల కింద పిడుగుల్లాంటి తాకిడులు జరుగుతుంటాయి, పైన మాత్రం ఐదారుగురు మనుషులు కాఫీ కప్పులతో తెరల ముందు కూర్చుని పచ్చ రంగు ఎర్ర రంగుగా మారకూడదని కోరుకుంటుంటారు. ఎర్రబడితే ఎవరికి ఫోను చేయాలో ఒక పట్టిక ఉంటుంది. నిద్రలేచిన నిపుణుడు ఏ భాషలో విసుక్కుంటాడో ఆ పట్టికలో ఉండదు.

ఆ ఏడాది ఆగస్టులో నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. జెడ్ శిఖరాన్ని గంటగంటకూ విడదీసి చూస్తుంటే ఒక విచిత్రం కనిపించింది. యంత్రంలో ప్రోటాన్లను ఒకసారి నింపి, అవి బాగా తగ్గాక బయటికి పారబోసేదాకా ఉండే వ్యవధిని ఫిల్ అంటారు. ప్రతి ఫిల్‌లోనూ మొదటి రెండు గంటలు శిఖరం కొద్దిగా కిందికి ఉంటోంది, తర్వాత తన చోటికి చేరుకుంటోంది. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. స్ఫటికాలు మొదట్లో లేజరుకు ఒకలా, ఎలక్ట్రాన్లకు ఇంకోలా మసకబారుతున్నాయేమో అని ఒక సిద్ధాంతం అల్లాను. రెండు వారాలు రాత్రింబవళ్లు కూర్చుని పద్దెనిమిది స్లైడులు తయారుచేసి, బృందం సమావేశంలో వివరించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “మీ సమయాలు యూటీసీలోనే ఉన్నాయి కదా?”

ఉన్నాయనే అన్నాను, అంటూ ఉండగానే కడుపులో చల్లబడింది. డేటాలోని సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. నా కోడ్ దాన్ని జెనీవా స్థానిక సమయం అనుకుని చదువుతోంది. వేసవిలో ఆ రెంటికీ తేడా సరిగ్గా రెండు గంటలు. కాబట్టి ప్రతి ఎలక్ట్రానుకూ నేను వాడిన సరిచేత రెండు గంటల కిందటిది. ఫిల్ మొదలైనప్పుడు స్ఫటికం మసకబారుతుంటే, నా కోడ్ మాత్రం తాకిడులు మొదలుకాక ముందు తేరుకుని ఉన్న స్ఫటికం లెక్కను తీసుకుంటోంది. కొత్త భౌతికశాస్త్రం కాదు, గడియారం. అదే నేను భారత కాలమానం పెట్టి ఉంటే ఐదున్నర గంటల తేడా వచ్చి మొదటి రోజే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. మరుసటి సమావేశంలో దిద్దిన ప్లాటు చూపించినప్పుడు ఆ పెద్దావిడ, తాను పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు ధనాత్మకాన్నీ రుణాత్మకాన్నీ తారుమారు చేసి ఏడాది పోగొట్టుకున్నానని చెప్పారు. మన దగ్గర పెద్దవాళ్లు తమ తప్పులను అలా కూర్చోబెట్టి చెప్పడం నేను తక్కువగా చూశాను.

ఇక్కడ ట్రిగ్గర్ గురించి, అంటే ఏ తాకిడిని దాచాలో దేన్ని వదిలేయాలో అప్పటికప్పుడు తేల్చే వడపోత గురించి రాయాలి, ఎందుకంటే మా అమ్మకు నా పని అర్థమైంది దాని ద్వారానే. 2012లో ప్రోటాన్ల గుంపులు సెకనుకు సుమారు 2 కోట్ల సార్లు ఒకదాన్నొకటి దాటేవి, 2015 తర్వాత అది 4 కోట్లయింది. అంత డేటాను దాచుకునే శక్తి ఎవరికీ లేదు. కొన్ని మైక్రోసెకన్లలో మొదటి వడపోత జరిగి సెకనుకు లక్ష మిగులుతాయి, కంప్యూటర్లు వాటిని మళ్లీ వడపోసి వెయ్యి ప్రాంతానికి తెస్తాయి. వదిలేసినవి శాశ్వతంగా పోయినట్టే. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మా అమ్మ జూన్, జూలై నెలల్లో, తోతాపురి కాయలు దిగే కాలంలో, అలాంటి ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర పనిచేసేది. బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్లు నిలబడి ఉంటారు, కాయలు పారుతూ పోతుంటాయి, మచ్చ పడినది, కమిలినది, పచ్చిది కనిపించగానే చెయ్యి దానంతటదే పోయి ఏరేయాలి. కాయను చేతిలో పట్టుకుని ఆలోచిస్తే బెల్టు ఆగదు.

ట్రిగ్గర్ గురించి చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపి, “మరి తీసేసిన బుట్టలో మంచి కాయలు పొయ్యుంటే?” అంది. సూపర్‌వైజరు అప్పుడప్పుడూ ఏరేసిన బుట్టలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి చూసేవాడట, మంచి కాయ దొరికితే ఆ రోజు మాటలు పడేవట. సరిగ్గా మేమూ అదే చేస్తాం. ఏ నియమమూ లేకుండా యాదృచ్ఛికంగా కొన్ని తాకిడులను దాచి ఉంచి, ట్రిగ్గర్ ఏమి పారేస్తోందో వాటితో కొలుస్తాం. ఈ విషయం నాకు అర్థం కావడానికి ఒక సెమిస్టరు పట్టింది.

2012 వేసవి గురించి చాలామంది చాలా రాశారు. నేను చూసినంత మేరకు రాస్తాను. హిగ్స్ కణం వెయ్యిసార్లు పుడితే రెండుసార్ల వరకు రెండు ఫోటాన్లుగా విడిపోతుంది. అరుదైనదే, కానీ స్ఫటికాలు ఫోటాన్ శక్తిని సూక్ష్మంగా కొలవగలవు కాబట్టి శిఖరం సన్నగా, స్పష్టంగా లేవాలి. ఆ ఏడాది విశ్లేషణ అంతా కళ్లకు గంతలు కట్టుకుని చేశాం. అంటే హిగ్స్ ఉండవచ్చునన్న ద్రవ్యరాశి ప్రాంతాన్ని మూసివేసి, పద్ధతి మొత్తం ఖరారయ్యేదాకా ఎవరూ చూడకూడదని నియమం. మనిషి తాను కోరుకున్న శిఖరం వచ్చేదాకా, ఏ డేటాను ఉంచాలో దేన్ని తీసేయాలో చెప్పే హద్దులను అటూ ఇటూ జరుపుతాడు, తెలియకుండానే జరుపుతాడు. దానికి విరుగుడు చూడకపోవడమే. జూన్ మధ్యలో గంతలు విప్పారు. 125 జీఈవీ దగ్గర శిఖరం ఉంది.

జూలై 4న ప్రకటన. ఆడిటోరియం ముందు రాత్రి నుంచే జనం వరుసకట్టి పడుకున్నారు. తిరుపతివాణ్ణి కదా, క్యూలు నాకు కొత్తకాదన్న ధీమాతో తెల్లవారుజామున వెళ్లి, చోటు దొరక్క వేరే భవనంలో తెర మీద చూశాను. సీఎంఎస్ తరఫున జో ఇన్‌కాండెలా, అదే సొరంగంలో మరోచోట ఉన్న అట్లాస్ ప్రయోగం తరఫున ఫాబియోలా జియానొట్టి మాట్లాడారు. రెండు ప్రయోగాలూ విడివిడిగా 5 సిగ్మా దరిదాపుల్లోకి వచ్చాయి. హిగ్స్ లేకుండా కేవలం యాదృచ్ఛికంగా అంతటి శిఖరం రావడానికి 35 లక్షల్లో ఒక వంతు అవకాశమే ఉందని దాని అర్థం. ఈ కణం ఉంటుందని దశాబ్దాల కిందటే చెప్పిన పీటర్ హిగ్స్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకోవడం తెర మీద కనిపించింది. నేను మాత్రం రెండు ఫోటాన్ల ప్లాటులోని శిఖరం వెడల్పునే చూస్తూ ఉండిపోయాను. అది అంత సన్నగా ఉండడంలో 75,848 స్ఫటికాలకు గంటగంటకూ చేసిన సరిచేతలున్నాయి, ఆ సరిచేతల్లో ఈసారి సరైన గడియారంతో నేను చూసిన కొన్ని వారాలు ఉన్నాయి. అమ్మ ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

మన పత్రికలు దాన్ని దైవకణం అన్నాయి. ఆ పేరు చేసిన చేటు ఇంతా అంతా కాదు. తిరుపతిలో మా బంధువొకరు ఫోన్ చేసి అది ఏ రంగులో ఉందని అడిగారు. మరొకరు దేవుడు ఉన్నట్టా లేనట్టా తేల్చమన్నారు. మిగిలిన కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో వివరించే క్షేత్రానికి ఆ కణం గుర్తు అని చెబితే, అవతలివాళ్ల గొంతులో నిరాశ వినిపించేది.

థీసిస్ 2014లో ఇచ్చాను. వైవా, కొరియర్‌లో చిక్కుకున్న ఒక పరీక్షకుడి నివేదిక, ఆరు నెలల ఎదురుచూపు అందరికీ ఉండేవే. తర్వాత యూరప్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధకుడిగా చేరాను. 2015లో యంత్రం 13 టీఈవీ (13,000 జీఈవీ) శక్తితో మళ్లీ మొదలైంది. డిసెంబరు 15న రెండు ప్రయోగాలూ తొలి ఫలితాలు చెప్పాయి. రెండు ఫోటాన్ల వర్ణపటంలో 750 జీఈవీ దగ్గర అట్లాస్‌కు 3.6 సిగ్మా, మాకు 2.6 సిగ్మా మేర చిన్న గుబ్బ కనిపించింది. హిగ్స్‌ను అందరూ ఎదురుచూశారు, దీన్ని ఎవరూ అడగలేదు. నిజమైతే యాభై ఏళ్ల సిద్ధాంతాన్ని దాటిపోయే కణం. కొద్ది నెలల్లో సిద్ధాంతకర్తలు దాని మీద 500కు పైగా వ్యాసాలు రాశారు.

ఆ సిగ్మాల లెక్కలో ఒక మెలిక ఉంది. రోజుకు అరవై డెబ్భై వేల మంది వచ్చే తిరుమల క్యూలో మన ఊరివాడు ఒకడు కనబడితే ఎంత విచిత్రమో అనుకుంటాం. కానీ మనం ఆ ఒక్క మనిషి కోసమే వెతకలేదు. పాత క్లాస్‌మేటు కనబడినా, మేనత్త కొడుకు కనబడినా, పాత ఇంటి ఓనరు కనబడినా అంతే ఆశ్చర్యపడేవాళ్లం. ఎవరో ఒకరు కనబడే అవకాశం అంత తక్కువేమీ కాదు. అలాగే 750 దగ్గర వచ్చిన గుబ్బ 600 దగ్గర వచ్చినా, 1,100 దగ్గర వచ్చినా మేము ఇలాగే ఎగిరేవాళ్లం కాబట్టి ఆ చోట్లన్నింటినీ లెక్కలో వేయాలి. వేస్తే అట్లాస్ సంఖ్య 2 సిగ్మా దగ్గరికీ, మాది అంతకన్నా కిందికీ పడిపోయింది. ఈ మాట ఆ రోజే వేదిక మీద చెప్పారు. వినే స్థితిలో ఎవరూ లేరు. నేను కూడా లేను, ఒప్పుకోవాలి.

ఆ చలికాలమంతా నా పని మళ్లీ స్ఫటికాలే. జెడ్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల శక్తి 45 జీఈవీ ప్రాంతం. 750 జీఈవీ కణం విడిపోతే ఒక్కో ఫోటాన్‌కు 375. కొలబద్దను ఒకచోట సరిచూసి, దానికి ఎనిమిది రెట్ల దూరాన నమ్మాలి. పైగా ఒక్క స్ఫటికంలో 150 జీఈవీ దాటితే ఎలక్ట్రానిక్స్ తక్కువ గెయిన్‌కు, అంటే సంకేతాన్ని తక్కువ రెట్లు పెంచే స్థాయికి మారతాయి. ఆ మార్పు దగ్గర మెట్టు ఏదైనా ఉండి లేని గుబ్బను కల్పిస్తోందా అని వారాల తరబడి చూశాం. పరికరం శుభ్రంగా ఉంది. అది తేలినప్పుడు నాలో ఒక భాగం సంబరపడింది. పరికరంలో తప్పు లేకపోతే గుబ్బ నిజమే అయి ఉండాలి కదా అని. యాదృచ్ఛికం అనే మూడో అవకాశాన్ని, అన్నీ తెలిసి కూడా, మనసు లెక్కలోకి తీసుకోదు. అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో అడిగేది, “అది ఉండాదా, లేదా?”

2016 వేసవికి నాలుగు రెట్లకు పైగా కొత్త డేటా చేరింది. మళ్లీ గంతలు కట్టుకునే పనిచేశాం. విప్పిన రోజు గదిలో పన్నెండు మందిమి ఉన్నాం. ఒక కుర్రవాడు కమాండ్ నొక్కాడు, తెర మీద నల్ల చుక్కలు వరుసగా పడుతూ వచ్చాయి. ఏడు వందల దగ్గర గీత మీదే ఉన్నాయి. ఏడు వందల యాభై దగ్గర కూడా గీత మీదే ఉన్నాయి. కుర్రవాడు తప్పు ఫైలు తెరిచానేమో అని పేరు మళ్లీ చదివాడు. సరైన ఫైలే. ఎవరో కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆగస్టులో షికాగో సమావేశంలో రెండు ప్రయోగాలూ ఆ సంగతి ప్రకటించాయి. ఆ ఆదివారం అమ్మకు, లేదమ్మా, లేదు అని చెప్పాను. “లేదని మీకు మీరే చెప్పుకుంటిరా? జీతం తీసుకుని?” అంది. అవునన్నాను. “అట్లయితే మంచి పనే” అంది.

ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టినది ఆ గుబ్బ పోవడం కాదు. పోస్ట్‌డాక్ నుంచి స్థిరమైన ఉద్యోగానికి మధ్య ఉండే ఖాళీ. దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, ఐదు వేల మంది పేర్లలో నీ వంతు ఎంత అని అడిగే కమిటీలు. ఒకచోట సభ్యుడొకరు, మొదటి రచయితగా నీ పేరున్న వ్యాసాలెన్ని అని అడిగారు. మా వ్యాసాల్లో పేర్లు అక్షరక్రమంలో ఉంటాయని చెప్పాల్సివచ్చింది. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

చివరికి తిరుపతికే వచ్చాను. 2015లో ఇక్కడ ఐఐటీ, ఐసర్ (శాస్త్ర విద్యా పరిశోధనా సంస్థ) రెండూ మొదలయ్యాక ఊళ్లో భౌతికశాస్త్రం మాట్లాడుకునేవాళ్లు పెరిగారు. నేను పాఠాలు చెప్పే చోటు నుంచి శేషాచలం కొండలు కనబడతాయి. జెనీవాలో మధ్యాహ్నం నాలుగింటి సమావేశం ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు. డేటా నాణ్యత చూసే షిఫ్టులు కొన్ని ఇక్కడి నుంచే చేయవచ్చు. మన డేటా 40కి పైగా దేశాల్లో 170 వరకు ఉన్న కంప్యూటర్ కేంద్రాల్లో పంచుకుని ఉంటుంది, ముంబైలోనూ ఒక కేంద్రం ఉంది కాబట్టి తిరుపతిలో కూర్చున్నంత మాత్రాన తక్కువేమీ లేదు. కరెంటు పోయినప్పుడు మాత్రం యూపీఎస్ కూత నా మాట కంటే ముందు సమావేశానికి వినిపిస్తుంది.

ఇప్పుడు యంత్రం తాకిడులను ఎన్నో రెట్లు పెంచే మార్పుకు సిద్ధమవుతోంది, 2030 ప్రాంతంలో అది మొదలవుతుంది. కిరణానికి దగ్గరగా ఉండి బాగా మసకబారిన అంచుల్లోని స్ఫటికాలను తీసేసి వాటి స్థానంలో సిలికాన్‌తో కొత్త క్యాలరీమీటరు, అంటే కణాల శక్తిని కొలిచే పరికరం పెడతారు. మధ్యభాగంలోని 61,200 స్ఫటికాలు అలాగే ఉంటాయిగానీ వాటిని 18 డిగ్రీలకు బదులు 9 డిగ్రీల దగ్గర నడుపుతారు. అంటే ఇన్నేళ్లు మేము కట్టిన పట్టికలు పనికిరావు, వేడికీ వెలుగుకూ ఉన్న లెక్క మళ్లీ మొదటి నుంచి చూడాలి. పుంగనూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని పాత డేటా మీద చెయ్యి తిరగడం కోసం నాతో ఆ పని మొదలుపెట్టింది. పోయిన వారం తన మొదటి ప్లాటు తెచ్చి చూపించింది. జెడ్ శిఖరం ఫిల్ మొదట్లో కిందికి జరుగుతోంది సార్, ఇది కొత్త విషయమా అని అడిగింది. నేను అడుగున ఉన్న అక్షం మీది సమయం చదివాను. భారత కాలమానంలో ఉంది.